రేటింగ్ స్టార్లు సరే, సినిమాలో ఏం బాధ ఉందో కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ప్రొద్దుటూరు. మీ పేపర్లో వచ్చే సినిమా రివ్యూలు నేను ఒక్కటి గూడా వదలకుండా చదువుతా, కథ ఏంది, ఫస్టాఫ్ ఎట్లుంది, సెకండాఫ్ ల్యాగ్ అయిందా, పాటలు, కెమెరా, చివర్లో 5కి 2.75 అనో 3 అనో రేటింగ్, అన్నీ ఉంటాయి. ఎమోషన్ గురించి మాత్రం ఒక్క లైన్ ఉంటాది, ఎమోషన్స్ వర్కవుట్ అయ్యాయి అని, లేదంటే కనెక్ట్ కాలేదు అని. ఏ ఎమోషన్? ఎవరికి కనెక్ట్ కాలేదు? దాని గురించే ఈ ఉత్తరం.

మా నాయన పోయిన మూడు నెలలకు ఇంట్లో బలగం పెట్టినా. 2023 మార్చిలో వచ్చిన సినిమా. పల్లెటూరి కథ, కుటుంబమంతా కూర్చుని చూడొచ్చు, నవ్వుకుంటారు ఏడుస్తారు అని అక్కడా ఇక్కడా రివ్యూల్లో చదివి, అమ్మకు కొంచెం మనసు మళ్లుతాదిలే అనుకున్నా. అమ్మ చాట ముందర పెట్టుకుని అనపకాయలు ఒలుస్తా చూస్తా ఉంది. తెలంగాణ యాస కాబట్టి మొదట్లో ఏమంటున్నాడురా అని రెండు మూడు సార్లు అడిగింది, తర్వాత అడగలేదు. అందులో కొమురయ్య తాత చనిపోతాడు, పిట్టకు పెడితే కాకి ముట్టదు. అక్కడ అమ్మ చేయి ఆగిపోయింది. కొంచెంసేపు చూసి చాట పక్కన పెట్టి ఏం మాట్లాడకుండా మిద్దె మీదికి పోయింది, రాత్రి అన్నాలకాడ అనింది, "మీ నాయనకు పెట్టినప్పుడు గూడా కాకి ఎంతసేపటికీ రాలేదు గదరా" అని.

నిజమే. పెన్న ఒడ్డున ఎండలో నిలబడి నిలబడి, చివరికి అయ్యవారు నీళ్లలో వదిలేయండి అంటే వదిలేసి వచ్చినాం. నేను మర్చిపోయినా, అమ్మ మర్చిపోలేదు. మా నాయనకూ మా చిన్నాయనకూ చేని గట్టు దగ్గర తగాదా వచ్చి పదహారేండ్లు మాటల్లేవు. సినిమాలో నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక దగ్గర వచ్చిన గొడవ, మా ఇంట్లో గట్టు దగ్గర వచ్చింది, అంతే తేడా.

సినిమాది తప్పని నేను అనడం లేదు, అంత నిజంగా తీసినారు కాబట్టే అంత తగిలింది. సంవత్సరీకం అయినాక అమ్మే మళ్లీ పెట్టమని అడిగి చివరిదాకా చూసింది, మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట వచ్చినప్పుడు కండ్లు తుడుచుకుంటా చూసింది. నేను చెప్పేది ఒకటే, ఈ సినిమా అంతా చావు చుట్టూ, కర్మకాండ చుట్టూ తిరుగుతాది, ఈమధ్యనే మనిషి పోయిన ఇంట్లో చూసుకుని పెట్టుకోండి అని రివ్యూలో ఒక్క మాట ఉంటే నేను ఆ ఏడాది ఆగేవాణ్ణి. అది చెప్తే కథేం బయటపడదు.

ఓటీటీలో సినిమా మొదలయ్యేటప్పుడు మూలన హింస, బూతుమాటలు, మద్యం అని పడతాయి, థియేటర్ సినిమాలకు గూడా 2024 చివరి నుంచి యూఏ సర్టిఫికెట్లోనే 7+, 13+, 16+ అని వేస్తా ఉన్నారు. మంచిదే. కానీ బూతుమాట వింటే మా అమ్మకు ఏం కాదు, కాకి రాకపోతేనే అయింది. అది ఏ సర్టిఫికెట్లోనూ రాదు, రాయగలిగింది రివ్యూ రాసేవాళ్లే.

90స్ మిడిల్ క్లాస్ బయోపిక్ అని 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన సిరీస్ ఉంది గదా, శివాజీ గారు లెక్కల మాస్టారుగా చేసింది. పాత రోజులు గుర్తొస్తాయి, నోస్టాల్జియా అని రాసినారు. మావాడు టెన్త్, వాడికి ఆ రోజులే తెలియవు, వానికి ఏం నోస్టాల్జియా? వాడు చూసింది మార్కుల భయం. అయిపోయినాక నా వైపు చూసి "నువ్వు గూడా ప్రోగ్రెస్ కార్డు అట్లే పట్టుకుంటావు నాయనా" అన్నాడు. అదే శివాజీ గారు 2025లో కోర్ట్ అనే సినిమాలో మంగపతిగా చేస్తే విలనిజం అదిరింది అన్నారు, అదిరింది కరెక్టే, కానీ ఇంట్లో మగమనిషికి భయపడి నోరు తెరవలేని ఆడపిల్ల సంగతి నేను చదివిన వాటిల్లో పెద్దగా కనపడలేదు.

ఇంకొకటి సత్యం సుందరం, తమిళం నుంచి వచ్చిన సినిమా. స్లో అన్నారు, తమిళంలో అయితే రిలీజైనాక దాదాపు 18 నిమిషాలు కోసేసినారు. మా వీధిలో ఒకామె భర్త కువైట్లో డ్రైవరు, ఇంటికి వచ్చి నాలుగేండ్లు అయింది. శుక్రవారం ఆయనకు సెలవు కాబట్టి గురువారం రాత్రి ఇక్కడ పదిన్నరకు, అక్కడ ఎనిమిదికి, ఇద్దరూ ఒకేసారి ఎవరి ఫోన్లో వాళ్లు సినిమా పెట్టుకుంటారు. ఇది గూడా అట్లే చూసినారు. ఊరు వదిలిపోయిన మనిషి ఇరవై ఏండ్ల తర్వాత చెల్లెలి పెండ్లికి ఒక్క రాత్రి వస్తాడు, పేరు గూడా గుర్తులేని చుట్టం ఒకడు విడవకుండా ప్రేమ చూపిస్తాడు, అంతే కథ. సినిమా అయినాక ఆయన ఫోన్ చేసి, మన ఇంటి ముందర యాపచెట్టు ఉందా కొట్టేసినారా అని అడిగినాడంట. ఆయనకు అది స్లో సినిమా కాదు సార్. ఊరు దూరమైన బాధ తెలిసినవాళ్లకు నచ్చుతాది అని రాస్తే చాలు, మా జిల్లాలో ఇంటికొకరు చూస్తారు.

ఇంకా ఒక మాట, రాయలసీమ ఎమోషన్ అని రాసినప్పుడల్లా అది పగే అయి ఉంటాది, నరికేదే. వాన కోసం ఎదురుచూడటం, కువైట్ నుంచి ఫోన్ కోసం ఎదురుచూడటం గూడా మా ఎమోషనే, అవి సినిమాల్లో లేనప్పుడు లేవని రాయండి.

రేటింగ్ తీసేయమని అడగడం లేదు. దాని కింద మూడు లైన్లు చాలు, ఇందులో ఏం దుఃఖం ఉంది, ఆత్మహత్యలాంటివి ఉన్నాయా, పిల్లలతో చూస్తే తర్వాత ఏం మాట్లాడాల్సి వస్తాది అని.

మా అమ్మకు చూపు తగ్గింది, సినిమా పేజీ నాతోనే చదివించుకుంటాది. హీరో ఎవరు అని అడగదు, "అందులో ఎవరైనా సచ్చిపోతారా" అని అడుగుతాది. రివ్యూ అంతా చదివి గూడా నేను ఆమెకు జవాబు చెప్పలేకపోతున్నా.

ఇట్లు
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా