లాంచీల మురుగు కృష్ణలోకి వదలొద్దు

కృష్ణా జలాశయాల్లో తిరిగే పర్యాటక లాంచీలు మురుగునీటిని నదిలోకి వదలకుండా కట్టుదిట్టమైన నిబంధన కావాలి. సముద్రంలో తిరిగే క్రూజ్ ఓడలకు మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. శుద్ధి చేయని మరుగుదొడ్ల నీటిని తీరానికి 12 నాటికల్ మైళ్లలోపు, అంటే దాదాపు 22 కిలోమీటర్లలోపు, అవి వదలకూడదు. మన నదిలో అంత దూరం ఎక్కడుంది? ఎటు చూసినా ఒడ్డే. ఆ మధ్య పిల్లలతో ఒక లాంచీ ఎక్కాను. టాయిలెట్ గొట్టం నేరుగా నీళ్లలోకే ఉంది. గిన్నెలు కడిగిన నీళ్లు, ఎంగిలి మెతుకులు కూడా అందులోకే పోశారు. అడిగితే ‘ఇన్ని నీళ్లలో ఇదెంతండీ’ అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మా మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలకు ఇవాళ దిక్కు కృష్ణ నీళ్లే. హైదరాబాద్‌కూ అవే పోతున్నాయి. నదుల్లో కలుషితాలు వదలడాన్ని 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఎప్పుడో నిషేధించింది, దాని అమలు లాంచీల దాకా రావాలి. మురుగు నిల్వ ట్యాంకు ఉన్న లాంచీకే లైసెన్స్ ఇవ్వాలి. ఆ మురుగును తోడి శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు ప్రతి రేవులో ఉండాలి. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు ముందుగా చెప్పకుండా వచ్చి ట్యాంకులు, ఖాళీ చేసిన రసీదులు తనిఖీ చేయాలి.

– ఒక పాఠకురాలు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా