ఆ ఒక్క పీరియడ్‌ను మాకు వదిలేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. పిల్లల్లో ఆసక్తి పెంచాలని, వెనుకబడినవారిని దగ్గరకు తీయాలని చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులంతా కలిసే ప్రతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలోనూ చెబుతారు. ఆ మాట సరైనదే. కానీ ఆ పనికి వీలిచ్చే లీజర్ పీరియడ్, అంటే మాకు తరగతి లేని పీరియడ్, టైం టేబుల్ కాగితం మీదే మిగులుతోంది. ఎవరైనా సెలవు పెడితే వారి తరగతికి వెళ్లాలని అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్‌లో మా పేరు పడుతుంది. లేకపోతే బడుల సమాచారాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూడైస్ ప్లస్ పని గానీ, ఆధార్‌లోని పేరుకూ అడ్మిషన్ రిజిస్టర్‌లోని పేరుకూ పొంతన కుదరక ఆగిపోయిన అపార్ ఐడీల (విద్యార్థుల గుర్తింపు సంఖ్యల) పని గానీ ఆ ముప్పావు గంటను మింగేస్తుంది.

నిరుడు ఎనిమిదో తరగతిలో ఒక బాబు రోజూ చివరి బెంచీలో తల వాల్చి నిద్రపోయేవాడు. రెండు నెలలపాటు లేపి నిలబెట్టడమే తప్ప, ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు అదృష్టవశాత్తూ లీజర్ దక్కితే వరండాలో కూర్చోబెట్టుకుని మాట్లాడాను. తెల్లవారుజామునే తండ్రితో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లి, మూటలు మోసి, అటు నుంచి అటే బడికి వస్తున్నాడట. నిష్పత్తి లెక్క బోర్డు మీద చేయలేని ఆ పిల్లవాడు, కిలో బంతిపూలకు ఎన్ని మూరల దండ వస్తుందో, మూర ఎంతకు అమ్మితే ఎంత మిగులుతుందో వేళ్లు కూడా మడవకుండా చెప్పాడు. మర్నాడు ఆ లెక్కనే బోర్డు మీద అతనితో వేయించాను. మాట్లాడినవాళ్ల పేర్లు రాసి అప్పగించే క్లాస్ లీడర్ పద్ధతిని కూడా అప్పుడే మాన్పించి, వారానికొకరు లీడరై, నిన్న రానివాళ్లకు నోట్సు అందించి లెక్క వివరించే బాధ్యత పెట్టాను. మూడో వారం లీడర్ అతనే.

దీనికి మరో వైపూ ఉంది. అదే ఏడాది, వరుసగా ఆరు పీరియడ్లు చెప్పి గొంతు బొంగురుపోయిన ఒక మధ్యాహ్నం, అదే సందేహాన్ని రెండోసారి అడిగిన ఒక అమ్మాయిని గట్టిగా కసిరాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ పాప చెయ్యి ఎత్తలేదు. స్టాఫ్‌రూమ్ గోడ మీద మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరు అంటించాం. అది ఉండవలసిందే, కానీ అలసట ముదరకముందే పది నిమిషాలు మౌనంగా కూర్చుని గుక్కెడు నీళ్లు తాగే వీలు కూడా ఉండాలి కదా.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు, పాఠం సిద్ధం చేసుకునే సమయంతో సహా ఉపాధ్యాయుని కనీస పనిని వారానికి 45 గంటలుగా పేర్కొంది. అంటే ఆ సమయం ఖాళీ సమయం కాదు, పనిలో భాగమే. కాబట్టి రోజుకు ఒక్క పీరియడ్‌నైనా అడ్జస్ట్‌మెంట్‌కు గానీ ఆన్‌లైన్ నమోదుకు గానీ వాడరాదని విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని, ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కు ఒక కంప్యూటర్ ఆపరేటర్‌ను నియమించాలని కోరుతున్నాను. ప్రైవేటు బడుల్లోని సహోపాధ్యాయులకు ఇంత అడిగే అవకాశం కూడా లేదు. ఆ ఉత్తర్వు వారికీ వర్తించాలి.

ఆ బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. ఈ ఏడాది అతని సెక్షన్ నాకు లేదు. అతన్ని పిలిచి మాట్లాడాలంటే నాకున్నది ఆ లీజర్ పీరియడే.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
హైదరాబాద్