గుత్తి కోట మీద కనిపించిన మేకల తాతకు

పోయిన ఆదివారం అనంతపురం నుంచి మా ట్రెక్కింగ్ గ్రూపు గుత్తి కోటకు పోయింది. ఎక్కడం బాగానే ఎక్కాం, మురారిరావు గద్దె దగ్గర ఫోటోలకే అరగంట పోయింది (ఎప్పుడూ ఇదే గోల), దిగేటప్పుడు నున్నటి బండ మీద కాలు జారి నా చీలమండ మడతపడింది. ఫస్ట్ ఎయిడ్ కిట్టేమో కింద వ్యాన్‌లో! అందరూ టెన్షన్‌గా ఫోన్లు తీస్తుంటే, మేకలు తోలుకుంటూ వచ్చిన ఒక తాత "యాడ నొప్పి పాపా?" అంటూ పక్కన కూర్చుని, తలగుడ్డ విప్పి, సీసాలో నీళ్లతో తడిపి, మడమ కింద నుంచి తిప్పి తిప్పి బిగించి కట్టాడు. మేకల్ని మనవడికి ఒప్పజెప్పి, చేతికర్ర నాకిచ్చి, మెట్లన్నీ దిగేదాకా తోడొచ్చాడు. డబ్బులిస్తే కసురుకున్నాడు. ఆ హడావిడిలో పేరు కూడా అడగలేదు, సిగ్గుగా ఉంది. తాతా, చాలా థ్యాంక్స్. నీ తలగుడ్డ ఉతికిపెట్టాను, కర్ర కూడా భద్రం, కాలు నయం కాగానే తెచ్చిస్తా.