కొత్త టీవీ కొనే ముందు ఇంటికి వచ్చే ప్రసారం చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై రెండు అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాక 18 శాతమే కావడంతో, పాత డబ్బా టీవీని ఇచ్చేసి హెచ్‌డీ టీవీ తెచ్చుకుందామా, ఇంకొన్నాళ్లు ఆగుదామా అన్న చర్చ మా కడపలో చాలా ఇళ్లలో నడుస్తోంది. ఆ చర్చలో ధర, తెర సైజు, కంపెనీ పేరు అన్నీ వస్తున్నాయి గానీ, ఇంటికి ఏ రకం ప్రసారం వస్తోందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోవడం లేదు.

మన దేశంలో ఎస్‌డీ అని పిలిచే సాధారణ ప్రసారంలో బొమ్మకు 576 గీతలు, గీతకు 720 చుక్కలు, వెరసి నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెరపై ఇవి 20 లక్షలు దాటుతాయి, 4కే తెరపై సుమారు 83 లక్షలు. ఎస్‌డీ ప్రసారాన్ని పెద్ద తెరపై చూపవలసి వచ్చినప్పుడు లేని చుక్కలను టీవీయే అంచనా వేసి నింపుకుంటుంది కనుక, 21 అంగుళాల పాత టీవీలో శుభ్రంగా కనిపించిన బొమ్మ 43 అంగుళాల కొత్త తెరపై అలికేసినట్టు కనిపిస్తుంది. దుకాణంలో ఈ సంగతి తెలియదు, ఎందుకంటే అక్కడ సాధారణంగా ఆడించేది పెన్‌డ్రైవ్‌లో పెట్టిన 4కే దృశ్యాలు. పాత కార్యక్రమాల్లో మనుషులు అడ్డంగా సాగి లావుగా కనిపించడం వేరే సంగతి. అది రిమోట్‌తో సరిచేసుకోగలిగినదే అయినా చాలామంది అలాగే చూస్తూ సర్దుకుపోతున్నారు.

హెచ్‌డీ బొమ్మ రావాలంటే హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు ఉండాలి, హెచ్‌డీ ఛానళ్లకు విడిగా చందా కట్టాలి, బాక్సును టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలపాలి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత వైర్లనే కొత్త టీవీకి తగిలిస్తే హెచ్‌డీ రాదు. నెల చందా లేని డీడీ ఫ్రీ డిష్ చూసే పల్లెల్లో అందుతున్నవి చాలావరకు ఎస్‌డీ ఛానళ్లే.

ఇక 4కే మాట. సాధారణ చూపుకు పది అడుగుల దూరం నుంచి మిల్లీమీటరు కంటే బాగా చిన్న వివరాలు విడిగా ఆనవు. నలభై మూడు అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో చుక్క సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది కనుక, అంత దూరాన కూర్చుని చూసే ఇంట్లో 4కే చుక్కల కోసం అదనంగా చెల్లించే డబ్బుకు కంటికి దక్కే ఫలితం లేదు. ఇంటర్నెట్ ద్వారా సినిమాలు, క్రికెట్ చూసే ఇళ్లకు ఫుల్ హెచ్‌డీ టీవీ తప్పక పనికివస్తుంది. కేబుల్ సీరియళ్లు, వార్తలతో సరిపెట్టుకునేవారు, పాత టీవీ పనిచేస్తున్నంతకాలం, ముందు తమ ఆపరేటరును హెచ్‌డీ బాక్సు సంగతి అడిగి ఆ తరువాతే టీవీ కొనడం మేలని నా అభిప్రాయం.

దుకాణదారులు కనీసం ఒక తెరకైనా స్థానిక కేబుల్ కనెక్షన్ తగిలించి, మామూలు ఎస్‌డీ ఛానల్ ఎలా కనిపిస్తుందో కొనేవారికి చూపాలని మనవి. అలాగే కేబుల్ ఆపరేటర్లు తాము అందించే తెలుగు హెచ్‌డీ ఛానళ్ల పేర్లు, వాటి నెల చందా, బాక్సు మార్పిడికి అయ్యే ఖర్చు ఒక కాగితంపై అచ్చువేసి, నెల బిల్లుతో పాటు ఇంటింటికీ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎర్రముక్కపల్లె, కడప.