ఆ మాత్రతో పాటు తెలుగు చీటీ కూడా ఇవ్వండి

సంపాదకులు గారికి,

మందుల షాపులో ఏ మాత్ర కొన్నా కవరు మీద పెన్నుతో 'పొద్దున, తిన్నాక' అని రాసిస్తారు. ఆ రెండు మాటల వల్ల మా అమ్మ మూడు నెలలు వాడిన ఖరీదైన మందు దండగైపోయింది.

అమ్మకు 68 ఏళ్లు, ఉండేది పుత్తూరు దగ్గర పల్లెలో. షుగర్‌కు డాక్టరు గారు సెమాగ్లూటైడ్ మాత్ర రాశారు. అమ్మ రోజూ రాగి అంబలి తాగి, ఆ పైన చెంబుడు నీళ్లతో మాత్ర మింగేది. ఒక్క రోజు కూడా మానలేదు. అయినా మూడు నెలల సగటు చూపే పరీక్షలో షుగర్ ఏమీ తగ్గలేదు. 'ఎట్లా వేసుకుంటున్నావమ్మా?' అని డాక్టరు గారు అడిగితే గానీ, తిన్నాక అన్ని నీళ్లతో వేసుకోవడమే పొరపాటన్న సంగతి బయటపడలేదు.

బాలాజీ కాలనీలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. థీసిస్ బైండింగ్‌కు వచ్చిన ఒక యూనివర్సిటీ అమ్మాయిని ఇలా ఎందుకైందని అడిగితే ఓపికగా చెప్పింది. ఈ మందు పెప్టైడ్, అంటే ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు 31 దండలా గుచ్చినట్టు ఉంటుంది. ఇన్సులిన్‌లో అవి 51. మన కణాల చుట్టూ ఉండే పొర రెండు వరసల కొవ్వు. మందం అయిదు నానోమీటర్లు ఉంటే ఎక్కువ. పారాసిటమాల్ లాంటి చిన్న మందు అందులోంచి జారిపోతుంది. పెప్టైడ్ పెద్దది, పైగా నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కొవ్వులోకి దిగలేదు. అదీగాక కడుపులో ప్రొటీన్లను అరిగించే పెప్సిన్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. మనం తినే వేరుశనగలోని ప్రొటీనూ అంతే. ఒంటి అమైనో ఆమ్లాలుగా, రెండు మూడు కలిసిన ముక్కలుగా విడిపోయాకే పేగులోని ప్రత్యేక ద్వారాల గుండా లోపలికి పోతుంది. మందు అలా ముక్కలైతే ఇక మందే కాదు.

మరి ఈ మాత్ర ఎలా పనిచేస్తుంది? అందులో ఎస్‌ఎన్‌ఏసీ అనే పదార్థం 300 మిల్లీగ్రాములు కలిపారు. మాత్ర కడుపు గోడకు ఆనుకుని కరుగుతుంటే, అది ఆ కాస్త చోట ఆమ్లాన్ని తగ్గించి, పెప్సిన్‌ను అడ్డుకుని, కణపొరను కొద్దిసేపు సడలిస్తుంది. ఇంత చేసినా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా కాదు. కడుపులో అంబలో, చెంబుడు నీళ్లో ఉంటే ఆ కొంచెం కూడా బాగా తగ్గిపోతుంది. అందుకే పరగడుపున, అర గ్లాసుకు మించని నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట దాకా కాఫీ కూడా తాగకూడదు. పెట్టెలోని కాగితం మీద ఇదంతా ఉంది, కానీ ఇంగ్లీషులో. మా అమ్మకు తెలుగు చదవడం బాగా వచ్చు.

మా వీధిలో ఒకావిడ పెరట్లోని 'ఇన్సులిన్ మొక్క' ఆకు నములుతూ సూది మానేస్తానంటోంది. ఆకులో నిజంగా ఇన్సులిన్ ఉందనుకున్నా కడుపులో ముక్కలైపోయేదే కదా! 1922లో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇచ్చింది సూదితోనే. ఈ రోజుకీ మన షాపుల్లో ఇన్సులిన్ మాత్ర లేదు. ఆవిడ ఆ సూది మానేస్తే ప్రాణం మీదికొస్తుందని నాకు భయంగా ఉంది.

మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యతని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఔషధ నియంత్రణ అధికారులు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని షాపుల్లో దీన్ని అమలు చేయించాలి. ఇలాంటి మాత్ర అమ్మినప్పుడల్లా తెలుగు చీటీ ఒకటి చేతికివ్వాలి. కంపెనీలు పెట్టెలోనే తెలుగు కాగితం పెడితే ఇంకా మంచిది.

చీటీలో నాలుగు ముక్కలు చాలు: 'నిద్ర లేవగానే, పరగడుపున. అర గ్లాసు నీళ్లు, అంతకు మించి వద్దు. నమలకండి, విరవకండి. అరగంట దాకా ఏమీ తినకండి, తాగకండి.' పెద్దవాళ్లకు కనిపించేలా లావు అక్షరాల్లో టైపు చేసి పెట్టాను. డాక్టరు గారో ఫార్మసిస్టో ఒకసారి చూసి సరేనంటే, అడిగిన షాపుకల్లా ఉచితంగా ప్రింటు తీసిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బాలాజీ కాలనీ, తిరుపతి