దెబ్బ తిన్న గంటకే మరో కేసుకు

సంపాదకుడికి,

మా ఆయన 108 అంబులెన్సులో ఈఎంటీ, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్. పదకొండేళ్లుగా ఇదే పని. పోయిన వేసవిలో ఒక రాత్రి ఛాతీ నొప్పి కేసని వెళ్లేసరికే ఆ పెద్దాయన ప్రాణం పోయింది. ఆ మాట చెప్పడమే ఈయన చేసిన తప్పయింది. ప్రాణం పోయినవారిని 108లో ఎక్కించుకోకూడదన్నది నిబంధన. కళ్లముందే తండ్రి పోయినవాళ్లకు అది చెబితే ఎలా ఎక్కుతుంది? ‘ఇంతసేపా రావడానికి’ అంటూ చొక్కా పట్టుకున్నారు. రాయితో బండి వెనక అద్దం పగలగొట్టారు. ఆలస్యమైన మాట నిజమే. అంతకుముందు కేసును పెద్దాసుపత్రిలో దించి ముప్పై కిలోమీటర్లు వెనక్కి రావాల్సి వచ్చింది. బండ్లు ఎన్నుండాలో నిర్ణయించేవాళ్లు ఆ వీధిలో లేరు, ఈయన ఉన్నారు.

ఆయనా పైలటూ (108లో డ్రైవర్‌ను అలాగే అంటారు) స్ట్రెచర్ దుప్పట్లోంచి గాజు పెంకులు ఏరి పారేసి, అద్దానికి అట్టముక్క అడ్డం పెట్టి, గంట తిరక్కుండానే కాన్పు కేసుకు వెళ్లారు. తెల్లారి ఇంటికొచ్చి చిరిగిన యూనిఫాం తనే కుళాయి దగ్గర ఉతుక్కుంటుంటే అడిగాను. ‘మేకు తగిలింది’ అన్నారు. అసలు సంగతి నాలుగు రోజుల తర్వాత పైలట్ భార్య చెబితే తెలిసింది. ఇప్పుడు ఏ ఊరికెళ్లినా బండి ముఖం రోడ్డువైపు తిప్పి, ఇంజన్ ఆపకుండా ఉంచమంటారట. రోగికి సెలైన్ పెడుతున్నా చెవి గుమ్మం వైపే ఉంటుందని నాతో ఒక్కసారే అన్నారు.

చట్టం లేక కాదు. వైద్య సిబ్బందిపై దాడి చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల వరకు జరిమానా అని ఉమ్మడి రాష్ట్రం 2008లోనే చట్టం చేసింది. స్టేషన్ బెయిలు రాని నేరం కూడా. కానీ కేసు పెడితే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మేమే, మళ్లీ డ్యూటీ చేయాల్సింది ఆ మండలంలోనే. పెద్దమనుషులు వచ్చారు, రాజీ అయిపోయింది. ఆ ఇంటివాళ్లను జైల్లో పెట్టించాలని నాకూ లేదు. ఫిర్యాదు చేసే భారం దెబ్బ తిన్నవాడి నెత్తిన ఉండకూడదన్నదే నా బాధ.

కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మపై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత, 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు ఒక ఆదేశం ఇచ్చింది: దాడి జరిగిన 6 గంటల్లోగా ఫిర్యాదు చేయించే బాధ్యత సంస్థ అధిపతిదేనని. రోడ్డు మీద పనిచేసే ఈఎంటీకీ, పైలట్‌కీ అదే వర్తించేలా మన రెండు రాష్ట్రాలూ ఉత్తర్వులివ్వాలి. ఫిర్యాదుదారుగా యాజమాన్యమే సంతకం పెట్టాలి. దాడి జరిగిన రోజున ఆ బండికి వేరే జట్టును పంపి, వీళ్లను జీతం కోయకుండా ఇంటికి పంపాలి.

— ఒక 108 ఉద్యోగి భార్య, ఏలూరు జిల్లా