పదహారు జీబీ పెడితే మూడే వాడుతుంటే: మాస్టారికి, ఎదురు షాపు అన్నయ్యగారికి, మా చెల్లికి కృతజ్ఞతలు

తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, కరపత్రాలు, గుడి కమిటీల ఉత్సవ ఆహ్వానాలు వేస్తాం. మా ఆయన ప్రింటింగ్ మెషీను దగ్గర, నేను కంప్యూటర్ దగ్గర. ఈ 2022 శ్రావణం ముహూర్తాలకి ఇరవై రెండు కార్డుల ఆర్డర్లు చేతిలో ఉండగా మా కంప్యూటర్ మొరాయించింది. ఆ పది రోజుల్లో మాకు అండగా నిలబడిన ముగ్గురికి నలుగురి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగినదంతా వివరంగా చెప్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మాది 2012 చివర్లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. హెచ్61 రకం మదర్‌బోర్డు, మూడో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు ఫైళ్లని పట్టి ఉంచే మెమొరీ), కేబినెట్ మీద విండోస్ 7 హోమ్ బేసిక్ స్టిక్కరు. పేజ్‌మేకర్‌లో కార్డులు కట్టుకున్నన్నాళ్లు ఏ లోటూ లేదు. ఇప్పుడు అందరూ ఫొటోలున్న కార్డులు, ఫ్లెక్సీలు అడుగుతున్నారు. ఫొటోషాప్‌లో పెద్ద ఫైలు తెరిస్తే చాలు, బిగుసుకుపోయేది. ర్యామ్ పెంచుకోమన్నారని 8 జీబీవి రెండు కొన్నాం. మా బోర్డుకి ఉన్నవే రెండు స్లాట్లు, అది మోయగలిగింది కూడా పదహారే.

బిగించిన అబ్బాయి స్క్రీన్ రాగానే వెళ్లిపోయాడు. సాయంత్రం కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే "8.00 జీబీ, అందులో యూజబుల్ 3.24 జీబీ" అని ఉంది. పాత 4 జీబీ ఉన్నప్పుడూ దాదాపు ఇంతే చూపించేది. అంటే డబ్బు పెట్టి కొన్నదాంట్లో చుక్క కూడా మాకు దక్కలేదన్నమాట. ఫోన్ చేస్తే బోర్డు పోయిందన్నారు. ఈ రకం బోర్డులు ఇప్పుడు దొరకవు, ప్రాసెసరుతో సహా మార్చాలన్నారు. శ్రావణంలో వచ్చే డబ్బు మీదే మాకు దసరా దాకా ఇల్లు గడవాలి. ఆ రాత్రి మా ఆయనా నేనూ అన్నాలు సరిగ్గా తినలేదు. నిద్రపట్టక ఒక వీడియో చూసి, విండోస్ ఎలా లేవాలో మార్చుకునే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ అనేచోట "మాగ్జిమం మెమొరీ"కి టిక్కు పెట్టాను. ఏమీ మారలేదు.

మర్నాడు పొద్దున ఒక మాస్టారు వాళ్లమ్మాయి పెళ్లికార్డు ప్రూఫు చూసుకోవడానికి వచ్చారు. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు హార్డ్‌వేర్ ల్యాబ్ చూసి రిటైరయ్యారని అప్పటికి నాకు తెలియదు. వధువు పేరు ముందు "చి.ల.సౌ." కొంచెం పైకి జరపమన్నారు. జరిపేలోపు స్క్రీన్ ఆగిపోయింది. "ఎన్నాళ్లనుంచమ్మా ఇలా?" అని అడిగారు. ఉన్నదంతా చెప్పేశాను. ప్రూఫు పక్కన పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆయన మొదట అన్న మాటే ఇంత పనినీ దారిలో పెట్టింది. "ముందు ఏదీ కొనకండి. ఇక్కడ పోయింది ఒక లెక్క కాదమ్మా, రెండు. పదహారు ఎనిమిది ఎక్కడైందో ఒక లెక్క, ఎనిమిది మూడు ఎక్కడైందో ఇంకో లెక్క. రెండూ కలిపి వెతికితే ఏదీ తేలదు" అన్నారు.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లోకి తీసుకెళ్లారు. అక్కడ టోటల్ మెమొరీ 8192 ఎంబీ, అంటే ఎనిమిది జీబీ. "విండోస్ ఇంకా లేవనే లేదు. అయినా ఎనిమిదే అంటోంది. కాబట్టి మొదటి ఎనిమిది విండోస్ వల్ల పోలేదు" అన్నారు. ప్లగ్గు పీకించి, కేబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకి, ర్యామ్‌లు రెండూ బయటికి తీశారు. ప్రూఫు కాగితం వెనక నాలుగు గడులు గీసి నా చేతే రాయించారు. మొదటి ర్యామ్ మొదటి స్లాట్‌లో పెడితే 8192. రెండోది అదే స్లాట్‌లో పెట్టినా 8192. ఏది తీసుకెళ్లి రెండో స్లాట్‌లో పెట్టినా స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. "ర్యామ్‌లు రెండూ బంగారంలా ఉన్నాయమ్మా" అన్నారు. ముందురోజంతా డబ్బులు నీళ్లలో పోశామని కుమిలిపోయిన నాకు ఆ ఒక్క మాటతో ప్రాణం లేచొచ్చింది.

స్లాట్‌లో దుమ్ము బ్రష్‌తో దులిపారు. ర్యామ్ అంచున పసుప్పచ్చగా మెరిసే భాగాన్ని రబ్బరుతో మెల్లగా రుద్దారు. మళ్లీ నల్ల తెరే. అంతలో టార్చి వేసి ప్రాసెసర్ మీది ఫ్యాన్ చూశారు. దానికి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ మేకుల్లాంటివి ఉంటాయి, వాటిని బోర్డులోకి నొక్కి బిగిస్తారు. అందులో ఒకటి పైకి లేచి ఉంది. ఫ్యాన్‌కీ ర్యామ్‌కీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అడిగితే విసుక్కోకుండా చెప్పారు. పాతకాలం సిస్టమ్‌లలో ర్యామ్‌తో మాట్లాడే పని బోర్డు మీది చిప్పుది, ఈ ఐ3, ఐ5ల్లో ఆ పని ప్రాసెసరే చేస్తుందట. మా సాకెట్ పేరు ఎల్‌జీఏ 1155, ఆ అంకె అందులో ఉండే సన్నటి పిన్నుల లెక్క. ఫ్యాన్ ఒక పక్కకి లాగి పట్టుకుంటే కొన్ని పిన్నులు ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనవు, అవి రెండో స్లాట్ వైపు దారివైతే ఆ స్లాట్ మొత్తం చచ్చినట్టే ఉంటుందన్నారు.

ప్రాసెసర్ తీశాక మేం ప్లేట్ల మీద చుక్కలు చూసుకునే భూతద్దం అడిగి తీసుకున్నారు. ఏ పిన్నైనా వంగిందేమోనని వరుస వరుసగా, ఇరవై నిమిషాలపాటు చూశారు. ఒక్కటీ వంగలేదు. ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ వైపు లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది వేసి, ఫ్యాన్ మేకులు ఎదురెదురు మూలల్లో ఒకదాని తర్వాత ఒకటి నొక్కారు. బయోస్‌లో 16384 అని వచ్చింది, అంటే పూర్తి పదహారు జీబీ. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేకపోయాను.

విండోస్‌లోకి వెళ్తే 16.0 జీబీ, యూజబుల్ మాత్రం అదే 3.24. "ఇక రెండో లెక్క" అన్నారు. ముందు నేను పెట్టిన ఆ మాగ్జిమం మెమొరీ టిక్కు తీయించారు. ఆ గడి మెమొరీని తగ్గించి పరీక్షించడానికి పెట్టింది, పెంచడానికి కాదట. తర్వాత ఆయన చెప్పిన పోలిక నేను జన్మలో మర్చిపోను. "బిల్లుబుక్కులకి నంబర్లు వేసే మెషీనుకి ఎన్ని చక్రాలమ్మా?" అన్నారు. నాలుగు చక్రాలున్నది ఉందన్నాను. "9999 తర్వాత బిల్లుకి ఏ నంబరు వేస్తారు?" వేయలేం, మళ్లీ సున్నాలే వస్తాయి. "మీ సిస్టమ్‌లో ఉన్న 32 బిట్ విండోస్‌ది అదే పరిస్థితి. దానికి 32 చక్రాలు, ఒక్కో చక్రం మీద సున్నా, ఒకటి, ఈ రెండే. మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 నంబర్లు వస్తాయి. అవి 4 జీబీకి సరిపోతాయి. ఆ నంబర్లలోనే గ్రాఫిక్స్‌కి, నెట్‌వర్క్‌కి, బయోస్‌కి కొన్ని ముందే కేటాయించి ఉంటాయి. మిగిలినవే మీ ర్యామ్‌కి. మీరు పదహారు కాదు, ముప్పై రెండు పెట్టినా నంబరు లేని బిల్లు చెల్లదుగా" అన్నారు. ఎక్కువ చక్రాలు తిప్పే ఉపాయం ప్రాసెసర్లలో 1995 నుంచే ఉందని, ఇళ్లకీ షాపులకీ అమ్మే 32 బిట్ విండోస్‌లో మాత్రం ఆ తలుపు మూసే ఉంచారని కూడా చెప్పారు.

అంటే ఎక్కువ చక్రాలున్న 64 బిట్ విండోస్ వేయాలి. అక్కడే నాకు భయం. పదేళ్ల ఫైళ్లు, ఫాంట్లు, పాత లేజర్ ప్రింటరు, స్కానరు. 64 బిట్ విండోస్‌కి 32 బిట్ డ్రైవర్లు (ప్రింటరు లాంటివాటిని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్‌లు) పనికిరావు. ముందు డ్రైవర్లు దొరుకుతాయో లేదో చూసుకోండి, ఆ తర్వాతే పాతది చెరపండి అన్నారు మాస్టారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పిన్ని కూతురికి ఫోన్ చేశాను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోకుండా కూర్చుని ప్రింటరుకీ స్కానరుకీ 64 బిట్ డ్రైవర్లు వెతికి పంపింది. ఫాంట్ల ఫోల్డరు, పేజ్‌మేకర్ ఫైళ్లు రెండు చోట్ల కాపీ పెట్టించి, రెండూ తెరిచి చూసేదాకా ఊరుకోలేదు. చెల్లీ, ఆ రోజు నువ్వు పట్టుబట్టబట్టే మా పదేళ్ల పని మా దగ్గరే ఉంది.

ఇక ఎదురు షాపు అన్నయ్యగారు. ఆయనదీ డీటీపీ సెంటరే. ఒకే వీధిలో ఒకే బేరం చేసుకునేవాళ్లం. మా సిస్టమ్ విప్పి ఉందని తెలిసి రాత్రి తొమ్మిదింటికి వాళ్ల షాపు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "పొద్దున మేం వచ్చేదాకా మీరు వాడుకోండమ్మా. ముహూర్తం ఆగదు కదా" అన్నారు. నాలుగు రాత్రులు వాళ్ల కంప్యూటర్ మీదే కార్డులు కట్టాను. వదినగారు ఫ్లాస్కులో టీ పంపేవారు. మా కస్టమర్ల ఫైళ్లు వాళ్ల డెస్క్‌టాప్ మీద ఉండిపోతే, ఆయనే ఒక ఫోల్డరులో పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చిచ్చారు. అందులో ఒక్క కస్టమర్‌నీ ఆయన తనవైపు పిలుచుకోలేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలియాలి.

పని చేయడానికి ముందు ఒక రాత్రంతా మాస్టారు మెమ్‌టెస్ట్86+ నడిపించారు. పెన్‌డ్రైవ్ నుంచి లేచి ర్యామ్‌లో ప్రతి చోటా రాసి చదివి చూసే ఉచిత ప్రోగ్రామ్ అది. ఫ్యాన్ విప్పి బిగించాం కాబట్టి పెళ్లిళ్ల పని మీద పరీక్ష పెట్టకూడదన్నారు. తెల్లారేసరికి తప్పులు సున్నా.

స్టిక్కరు మీది కీతోనే విండోస్ 7 64 బిట్ వేశాం. 16.0 జీబీ, యూజబుల్ 7.9! మళ్లీ సగం. నా గుండె జారిపోయింది, మళ్లీ రెండో స్లాట్ పోయిందనుకున్నాను. ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, బయోస్ ఎంతంటోంది అని. 16384. "అయితే ర్యామ్ జోలికి పోకండి. విండోస్‌లో ఏ రకమో, ఆ ఎడిషన్ పేరు చదవండి" అన్నారు. హోమ్ బేసిక్. "అదీ సంగతి. 64 బిట్ అయినా హోమ్ బేసిక్‌కి హద్దు 8 జీబీ. హోమ్ ప్రీమియంకి 16, ప్రొఫెషనల్‌కి 192" అన్నారు. హోమ్ బేసిక్ అనేది మనలాంటి దేశాల్లో అమ్మడానికే చేసిన ఎడిషన్ కాబట్టి మన ఊళ్లలో పాత కేబినెట్ల మీద ఆ స్టిక్కరు చాలాచోట్ల ఉంటుంది. మీలో ఎవరికైనా సరిగ్గా ఎనిమిది దగ్గరే ఆగిపోతుంటే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఎడిషన్ చదవండి.

విండోస్ 7కి 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, ఇంకా పై ఎడిషన్ కోసం వెతకడం దండగ అన్నారు. విండోస్ 10 హోమ్ 64 బిట్ లైసెన్సు కొన్నాం. దాని హద్దు 128 జీబీ. ఇప్పుడు మా తెర మీద 16.0 జీబీ, యూజబుల్ 15.9 అని ఉంది. ఆ మిగతా కాస్త ఏమైందని అడిగాను. మాకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మ చూపించడానికి ప్రాసెసరే ర్యామ్‌లోంచి కొంచెం తీసి పెట్టుకుంటుందట. అది పోయినట్టు కాదన్నారు. పేజ్‌మేకర్ పనిచేస్తోంది, పాత ఫాంట్లు వస్తున్నాయి, ప్రింటరు నడుస్తోంది. ఆరడుగుల ఫ్లెక్సీ ఫైలు తెరిచి పక్కన కార్డు కట్టుకుంటున్నాను. ఇరవై రెండు ఆర్డర్లలో ఒక్కటీ ఆలస్యం కాలేదు.

బోర్డు మార్చమన్న షాపు పేరు నేను రాయను. వాళ్లు బయోస్‌లో ఒక్కసారి చూసుంటే బాగుండేదన్న బాధ మాత్రం ఉంది.

మాస్టారూ, మీరు మా షాపుకి నాలుగుసార్లు వచ్చారు, రెండుసార్లు ఎండలో సైకిల్ మీద. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. మీ అమ్మాయి కార్డులకి డబ్బు వద్దంటే మాత్రం ఒప్పుకోకుండా పూర్తి రేటు కట్టి రసీదు అడిగి తీసుకున్నారు. నాలుగు గడులు గీసిన ఆ ప్రూఫు కాగితం మానిటర్ పక్కన గోడకి అంటించుకున్నాను. దాని మీద మీ చేతిరాతలో "ముందు బయోస్, తర్వాత బిట్, తర్వాత ఎడిషన్" అని ఉంది. మొన్న పక్కవీధి నెట్ సెంటర్ అబ్బాయి ఇదే గోడుతో వస్తే ఆ కాగితం చూసి నేనే వాళ్ల సిస్టమ్ సంగతి తేల్చాను. వాళ్లది 32 బిట్.

పెళ్లికి మా ఇద్దరం వస్తున్నాం మాస్టారూ. ఎదురు షాపు అన్నయ్యగారూ, వదినగారూ కూడా వస్తామన్నారు. ఆ రోజు మా రెండు షాపులకీ సెలవు.